డబ్బా మాత్రం తెరవకు

ముందు గది,
మే 3

మీకు,

'శ్రీవారికి' అని రాయడానికి చెయ్యి రాలేదు. 'గారికి' అని రాస్తే నాకే నవ్వొచ్చింది. అందుకని 'మీకు' దగ్గర ఆగిపోయాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని అనుకుంటారు. ఫోన్లో అయితే మూడో మాటకే మన గొంతులు లేస్తాయి. మీరు వెళ్ళిన ఈ పద్నాలుగు నెలల్లో నాలుగుసార్లు చూశాం. మెసేజ్ పెడితే రెండు ముక్కల్లో కసిరేస్తారు. ఉత్తరం రాసి కసరాలంటే మాత్రం మీకు బద్ధకం. పైగా నాకు కావలసినవి అంకెలు. అంకెలు కాగితం మీద ఉంటేనే నాకు ధైర్యం.

అసలు సంగతి చెబుతాను. ఒక ఆర్కిటెక్ట్ మేడమ్ నేను గీసే ఇళ్ళ ప్లాన్లు చూసి, కొత్తగా కట్టబోయే ఆసుపత్రికి సినిమా చేసిపెట్టమంది. గేటు దగ్గర మొదలై, మెట్లెక్కి, పిల్లల వార్డు దాకా నడిచి వెళ్ళినట్టు ఒక్క నిమిషం. నచ్చితే ఆవిడ ఆఫీసు సినిమాలన్నీ నాకే ఇస్తుందట. మూడేళ్ళ క్రితం నా పాత ఆఫీసులోంచి నన్ను పంపేశాక ఇలాంటి పని నమ్మి ఇచ్చింది ఈవిడొక్కతే. జూలై 10కి ఇవ్వాలి.

నిమిషానికి పదిహేను వందల ఫ్రేములు. మన కంప్యూటర్ ఒక్కో ఫ్రేము తయారుచేయడానికి ఇరవై అయిదు నిమిషాలు తీసుకుంటోంది. అసలు ఆపకుండా నడిపినా ఇరవై ఆరు రోజులు. బొమ్మలు గీయడం జూన్ మొదటికి గానీ అవదు. తప్పులు దిద్దుకోవడానికి నాకు మిగిలేది పన్నెండు రోజులు. అది చాలదు. నా సంగతి మీకు తెలుసు, ఒకటికి నాలుగుసార్లు చూసుకుంటే తప్ప నిద్రపట్టదు.

ఆరేళ్ళ క్రితం ఈ కంప్యూటర్ బిగించి ఇచ్చిన కొత్తలో మీరు ప్రాసెసర్‌ని దాని మామూలు వేగం కంటే ఎక్కువలో నడిపేవారు. ఓవర్‌క్లాకింగ్ అనేవారు. తర్వాత ఎందుకో మళ్ళీ మామూలుకి దించేశారు. ఆ అంకెలు రాసి పంపగలరా? కొత్త భాగాలేవీ కొనను. ఉన్న ప్రాసెసర్, ఉన్న మెమరీ. వాటితోనే ఎంత లాగవచ్చో అంత చాలు.

నాన్న నా దగ్గరే ఉన్నాడు. అల్లుడికి ఉత్తరం రాస్తున్నానంటే ఆరోగ్యం జాగ్రత్త అని రాయమన్నాడు. రాశాను.

ఇట్లు,
నేను


సర్వర్ గది, రెండో షిఫ్టు,
మే 11

నత్తమ్మకు,

నీ ఉత్తరం అందుకుని ఎవరో పోయారేమో అనుకున్నాను. తీరా చూస్తే ఓవర్‌క్లాకింగ్! పదకొండేళ్ళ కాపురంలో నా పనిలో నీకు ఆసక్తి కలిగించలేకపోయాను, ఆ ఆసుపత్రి ఎవరిదో గానీ వాళ్ళకి దండం పెట్టాలి.

శ్రద్ధగా చదువు. ప్రాసెసర్ వేగమంటే రెండు అంకెల గుణకారం. బేస్ క్లాక్ 133, గుణకం 20. మనదాంట్లో ఆ 20 కదలదు, కంపెనీవాడు తాళం వేసి అమ్మాడు. కదపగలిగింది 133 ఒక్కటే. దాన్ని పెంచితే ప్రాసెసర్ వేగం పెరుగుతుంది. కానీ మెమరీ కూడా అదే 133ని పట్టుకుని నడుస్తుంది కాబట్టి అదీ పరుగు లంకించుకుంటుంది, ఆయాసపడి పడిపోతుంది. అందుకే ఉన్న మెమరీతో లాగాలంటే ముందు మెమరీ గుణకం తగ్గించాలి. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ మీట నొక్కితే బయోస్ అనే సెట్టింగుల తెర వస్తుంది. అందులో మెమరీ గుణకం ఆరు పెట్టు. ఆరే. తర్వాత ఆ పేజీ జోలికి మళ్ళీ వెళ్ళకు.

ఇప్పుడు బేస్ క్లాక్ 138 చెయ్యి. గంటసేపు పని చేయించు. వేడి ఎనభై డిగ్రీలు దాటకపోతే 143. మళ్ళీ గంట. అలా 150 దాకా వెళ్ళి ఆగు. అప్పుడు నీ ఇరవై ఆరు రోజులు ఇరవై మూడుకి దిగుతాయి.

ఇంకో మాట. దుమ్ము దులుపుతాననీ, గాలి తగలాలనీ డబ్బా మాత్రం తెరవకు. నీ చేతికి స్క్రూడ్రైవర్ వస్తే నాకు భయం. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకో, చాలు.

ఇక్కడ రెండు వందల మెషీన్లకి నేనొక్కణ్ణి కాపలా. ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను. మావయ్యగారికి నమస్కారాలు చెప్పు.

నీ
టెక్నీషియన్


ముందు గది,
మే 20

మీకు,

నత్త అని రాయకండి. ఇంట్లో ముద్దుగా పిలిచేటప్పుడు బాగానే ఉండేది. ఉద్యోగం పోయాక అందులో ముద్దు పోయి అర్థం ఒక్కటే మిగిలింది.

మీరు చెప్పినట్టే చేశాను. మొదటిసారి అంకె మార్చి సేవ్ కొట్టగానే తెర నల్లబడిపోయింది. నాన్న నా వెనకే కర్ర పట్టుకుని నిలబడి, "ఏమైందే? చంపేశావా?" అన్నాడు. "ఉండు నాన్నా, ఊపిరి పీల్చనీ" అన్నాను. అంతలో బీప్ మని లేచింది. ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం. 138, 143, 148, 150. ఒక్కోదానికీ గంట కాదు, మూడేసి గంటలు చూశాను. వేడి డెబ్భై నాలుగు దాటలేదు. ఫ్రేముకి ఇరవై రెండున్నర నిమిషాలు పడుతోంది. మీకు కృతజ్ఞతలు. ఇది మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

ఒక్క సందేహం. బయోస్‌లో దారి తప్పుతానేమోనని మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం తీశాను. దాని అంచున మీ చేతిరాత ఉంది. '160. మెమరీ 10. మూడు రోజులు ఆగకుండా నడిచింది. రాయి!' అని, పక్కన అప్పటి తేదీ. అప్పుడు 160 దగ్గర మెమరీ గుణకం పది పెట్టినా రాయిలా నడిచినది, ఇప్పుడు 150కే ఆరుకి ఎందుకు దించమన్నారు? మీ లెక్క ప్రకారం హెచ్చవేసి చూశాను. అప్పుడది 1600 వేగం. ఇప్పుడు 900. సగానికి కాస్త ఎక్కువ, అంతే. అదే మెమరీ కదా?

తప్పు పట్టడం లేదు. తెలుసుకుందామనే.

ఇట్లు,
నేను


సర్వర్ గది,
మే 29

నీకు,

నత్త మానేశాను. అది నిన్ను అంత బాధపెట్టిందని తెలియదు.

మెమరీ సంగతికొస్తే, ఆరేళ్ళు వాడాం. మనుషుల్లాగే వాటికీ వయసొస్తుంది. అప్పుడు పరిగెత్తినవి ఇప్పుడు నడుస్తాయి. పది పెట్టకు, కంప్యూటర్ లేవదు, నీ పని పోతుంది. ఆ పుస్తకం లోపల పెట్టేసెయ్. నేను రాసిన ఆరు మీదే ఉండు.

నువ్వూ మావయ్యగారూ నవ్వుకున్నారని రాశావు చూడు, అది రెండుసార్లు చదివాను. ఇక్కడ నవ్వే మనిషి లేడు. గదిలో ఫ్యాన్ల హోరు, బయటికొస్తే చెవుల్లో అదే హోరు. అద్దె గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు. పంతానికి వచ్చేశాను గానీ, ఏం సాధించానని ఒక్కోసారి అనిపిస్తుంది. విడిపోయే కాగితాలు నువ్వూ రాయించలేదు, నేనూ రాయించలేదు. అంటే ఏమిటి అర్థం?

జూలైలో పది రోజులు సెలవుంది. నీ పని అయిపోయాక ఒకసారి రానా? గొడవపడటానికి కాదు. వద్దంటే రాను.

నేను


ముందు గది,
జూన్ 8

ఏవండీ,

ఈ పిలుపు కలం చివర దానంతటదే వచ్చింది, కొట్టేయలేదు.

జూన్ 2న రెండరింగ్, అదే ఫ్రేములు తయారుచేయించడం, మొదలుపెట్టాను. మూడు వందల ఎనభై ఫ్రేములు అయ్యాయి. ఆసుపత్రి మెట్ల మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంది. పిల్లల వార్డు గోడకి ఎత్తు కొలిచే గీతలు పెట్టాను, వరండాలో ఎవరో విడిచిన చిన్న చెప్పుల జత పెట్టాను. మేడమ్ మచ్చుకి ముందే తీసిన నాలుగు ఫ్రేములు చూసి, "చెప్పులు పెట్టాలని ఎలా తోచిందమ్మా నీకు?" అంది. అంతకంటే ఎక్కువ పొగడలేదు గానీ, నాకది రెండు రోజులు సరిపోయింది.

మీ ఉత్తరం వచ్చాక ఒకటి చెప్పాలనిపించింది. మూడేళ్ళ క్రితం ఆ స్కూలు బిల్డింగు సినిమా పాడైనప్పుడు మీతో నేను చాలా మాటలు అన్నాను. మెషీన్‌లోనే ఏదో లోపం ఉందన్నాను. "సీన్‌లో చెత్తంతా కుక్కితే ఏ మెషీనైనా అంతే. మెషీన్‌కి పని వచ్చు, నీకే రాదు" అన్నారు మీరు. ఆ మాట చాలాకాలం నమ్మలేదు. తర్వాత నమ్మాను. ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుని, పద్ధతి లేకుండా బరువంతా నింపేసి, అన్ని ఫ్రేములూ సరిగా చూసుకోకుండా పట్టుకెళ్ళాను. స్కూలు కట్టించే పార్టీ ముందు తెర మీద క్లాసు గది గోడకి అడ్డంగా బూడిదరంగు చారలు పడితే వాళ్ళు నవ్వడంలో తప్పేముంది? తప్పు నాది. మిమ్మల్ని అనవసరంగా నిందించాను. ఆ తర్వాత ఇంట్లో మనం మాట్లాడుకున్నదంతా చెడింది అక్కడి నుంచే. క్షమించమని అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను.

ఈసారి బరువు తగ్గించి, పద్ధతిగా చేస్తున్నాను. చూద్దురుగాని.

రమ్మనే అంటున్నాను. పదో తేదీ దాటనివ్వండి.

మీ
నేను


సర్వర్ గది,
జూన్ 16

నీకు,

షిఫ్టులో ఉన్నాను, ఎక్కువ రాయలేను. పాత విషయాలు తవ్వుకోవద్దు. నువ్వు క్షమాపణలు అడగవలసిన పనేమీ లేదు.

బేస్ క్లాక్ 143కి దించు. కుదిరితే 133కే తెచ్చేసెయ్. ఆలస్యమైతే అయింది. ఫ్రేములన్నీ ఒక్కొక్కటే కళ్ళతో చూసుకో, చారలేమైనా కనిపిస్తే ఆ ఫ్రేము మళ్ళీ చేయించు. మెమరీని ఒకసారి పరీక్ష పెడితే కూడా... అక్కర్లేదులే. ఉన్నదానితో లాగించు.

సెలవు సంగతి తర్వాత రాస్తాను.

నేను


ముందు గది,
జూలై 1

నీ ఉత్తరంలో 'చారలు' అన్న మాట చూసినప్పుడే నాకు ఆగాలని తోచాల్సింది. ఈసారి కూడా చారలు పడ్డాయని నేనింకా నీకు చెప్పనే లేదు.

612వ ఫ్రేము నుంచి మొదలయ్యాయి. మెట్ల మీది ఎండకి అడ్డంగా అవే బూడిదరంగు చారలు, మూడేళ్ళ క్రితంవే. కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఈసారి సీన్‌లో బరువు సగం కూడా లేదు. నువ్వు చెప్పినట్టు 143కి దించాను. పడ్డాయి. 133కి, కంపెనీవాడు ఇచ్చిన వేగానికి తెచ్చాను. అప్పుడూ పడ్డాయి. వేగం తగ్గించినా పోకపోతే వేగం తప్పు కాదు కదా? ఆ మాత్రం ఆలోచన నత్తకి కూడా వస్తుంది.

డబ్బా ఆటోలో వేసుకుని మార్కెట్ వెనకున్న రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ ఒకావిడ ఉంటుంది, నోట్లో స్క్రూలు పెట్టుకునే మాట్లాడుతుంది. మూత తీసి మెమరీ పలకల వంక ఒక్క చూపు చూసి, "ఇవెవరు పెట్టారమ్మా?" అంది.

"మా ఆయన. జతగా కొన్నారు. 1600 రకం" అన్నాను. బిల్లు చూపించాను. నువ్వే పుస్తకంలో దాచిన బిల్లు.

"ఇది జత కాదమ్మా. రెండూ రెండు కంపెనీలవి. రెండూ 1066 రకం. ఒకటైతే పాత మెషీన్‌లోంచి పీకింది" అని, పరీక్ష పెట్టింది. నలభై నిమిషాలు ఎర్ర అక్షరాలు వరసగా పడుతూనే ఉన్నాయి. "రెండోదాంట్లో పైభాగం చెడిపోయింది. చిన్న పనులకి అక్కడిదాకా వెళ్ళదు, తెలియదు. పెద్ద పని పెడితే అక్కడికి వెళ్ళి తప్పు తెస్తుంది" అంది.

అదన్నమాట. మూడేళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తుంటే ఏ చారలూ పడకపోవడం చూసి, చిన్న పనులకే నేను పనికొస్తానని అనుకున్నాను.

"వయసు మళ్ళితే మెమరీ వేగం తగ్గుతుందా?" అని అడిగాను. ఆవిడ స్క్రూలు చేతిలోకి ఉమ్మి మరీ నవ్వింది.

అప్పుడు ఆవిడ మొదటిదాని మీద అంటించిన వారంటీ కాగితం చూపించింది. అమ్మిన నెల, సంవత్సరం సిరాతో గుర్తు పెట్టి ఉన్నాయి. మూడేళ్ళ క్రితం మార్చి. ఆ మార్చి నెలలో నేను ఇంట్లో లేను. నాన్న తుంటి ఆపరేషన్‌కి పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో నేల మీద పడుకున్నాను. ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివే.

మార్చి ఆఖర్లో నీకు పోటీ ఉంది. కంప్యూటర్ డీలర్లు హాలు అద్దెకి తీసుకుని పెట్టారు, ఎవరి ప్రాసెసర్ ఎక్కువ వేగంలో నిలబడుతుందో చూద్దామని. నాన్నని నర్సుకి అప్పగించి, రెండు బస్సులు మారి వచ్చాను. నీకు రెండో బహుమతి వచ్చింది. అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొట్టాను. నువ్వు స్టేజీ మీంచి నన్ను చూసి చెయ్యి ఊపావు.

ఒక్క ప్రశ్న. ఆ రోజు నీ మెషీన్‌లో ఉన్నవి నావేనా? అయిదో పెళ్ళిరోజుకి, "నీ సినిమాలకి దీన్ని మించింది లేదు" అని నువ్వు స్వయంగా బిగించి ఇచ్చిన జతేనా?

కసరకుండా జవాబు రాయి.


అద్దె గది,
జూలై 9

నీకు,

నువ్వు అని రాశావు. పదకొండేళ్ళలో మొదటిసారి. చదువుతుంటే ఎవరో పరాయి మనిషి రాసినట్టుంది. అలా రాసే హక్కు నీకుంది.

అవును. అవి నీవే.

ఇంకేమీ దాచను. నా మెషీన్‌లో ఉన్నవి మామూలువి, పోటీకి నిలబడవు. నీవి ఆణిముత్యాలు, ఎంచి ఎంచి కొన్నాను కదా. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, ఎలాగూ వాడటం లేదు. పోటీ అవగానే తిరిగి పెట్టేద్దామనుకున్నాను. డబ్బా ఖాళీగా ఉండకూడదని ఒకటి చవకది కొని, ఇంకోటి ఆఫీసు స్టోరులో పడున్నది తెచ్చి పెట్టాను. నీకు అనుమానం రాకుండా వేగం కూడా మామూలుకి దించాను. ఒక్క వారం సంగతి అనుకున్నాను.

పోటీలో రెండోవాణ్ణయ్యాను. మొదటివాడికీ నాకూ వెంట్రుకవాసి తేడా. ఇంటికొచ్చి ఇంకొంచెం లాగి చూద్దాం, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అంటూ మీ నాన్నని ఇంటికి పంపేదాకా గడిపేశాను. నువ్వొచ్చిన మర్నాడే స్కూలు సినిమా మొదలుపెట్టావు. మెషీన్ ఒక్క క్షణం ఆపడానికి ఒప్పుకోలేదు. "ముట్టుకుంటే చంపేస్తా" అన్నావు, నవ్వుతూనే. ఆ నవ్వుని సాకుగా పట్టుకున్నాను. శనివారం పెడదామనుకున్నాను. శుక్రవారం నీ ఉద్యోగం పోయింది.

ఆ సాయంత్రం నువ్వు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుని, "మెషీన్‌లోనే ఏదో ఉంది" అన్నావు. అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. తెరిస్తే వచ్చిన మాట 'నీకే పని రాదు' అని. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఒకసారి అనేశాక దాన్ని నిలబెట్టడానికి రోజూ అనాల్సి వచ్చింది. మంచివి మళ్ళీ పెట్టేస్తే నీ సినిమాలు బాగైపోతాయి, ఎందుకు బాగయ్యాయని నువ్వు అడుగుతావు. అందుకే పెట్టలేదు.

నీతో పడలేక వచ్చేశానని అందరికీ చెప్పాను. నిజం అది కాదు. ఆ కుర్చీలో కూర్చుని, తెర వంక చూస్తూ, నీలో నువ్వే లోపాలు వెతుక్కుంటుంటే చూడలేక వచ్చేశాను. నువ్వు క్షమించమని రాసిన ఉత్తరం అందిన రోజు నేను అన్నం తినలేదు. ఆ రోజైనా రాయాల్సింది. 143కి దించమని రాశాను. నా ధైర్యం అంతే.

నీ జత ఈ పార్శిల్‌లో ఉంది. దూదిలో చుట్టాను. వాటికేమీ కాలేదు. 160, పది. నిలబడతాయి.

రెండు అడుగుతాను. సెలవు ఇరవై నుంచి పెట్టాను, వచ్చి నీ ఎదురుగా కూర్చుని ఇదంతా నోటితో చెప్పనివ్వు. రెండోది, మావయ్యగారికి మాత్రం చెప్పకు. నన్ను ఇంకా మంచివాడనుకుంటున్నది ఆయనొక్కరే.

నేను


ముందు గది,
ఆగస్టు 22

నీకు,

నువ్వు సెలవు పెట్టిన రోజులన్నీ అయిపోయేదాకా కావాలనే ఆగాను. రమ్మని రాయకపోతే రావని తెలుసు. ఆ మర్యాద నీకుంది.

పార్శిల్ అందింది. పౌరుషానికి పోయి తిప్పి పంపుతాననుకున్నావేమో. పంపలేదు. అవి నావి. రిపేరు షాపావిడ దగ్గర కూర్చుని నా చేత్తోనే బిగించాను. కష్టమేమీ కాదు, రెండు పక్కలా నొక్కితే టక్కుమంటుంది. నా చేతికి స్క్రూడ్రైవర్ వస్తే నీకెందుకంత భయమో అప్పుడు అర్థమైంది. 160, పది. అయిదు రోజులు ఏకబిగిన నడిపాను. తొణకలేదు.

కానీ అవి వచ్చేసరికి పదో తేదీ వెళ్ళిపోయింది. మేడమ్‌కి పాడైన ఫ్రేములు చూపించి, జరిగింది చెప్పాను. పరికరం పాడైందని మాత్రమే చెప్పాను, ఎవరు పాడుచేశారో చెప్పలేదు, అది నిన్ను కాపాడటానికి కాదు, చెప్పుకోవడానికి సిగ్గేసి. ఆవిడ విని, "నిన్ను నమ్ముతానమ్మా. కానీ ఆసుపత్రివాళ్ళు నన్ను నమ్మాలి కదా" అంది. బాగున్న ఇరవై నాలుగు సెకన్లు తీసుకుంది. మిగతాది ఇంకో ఆఫీసుకి ఇచ్చింది. చివర్లో పేర్లు వేశారు, నా పేరు లేదు. పిల్లల వార్డు వాళ్ళు చేసిందే. ఎత్తు కొలిచే గీతలు లేవు, చెప్పులూ లేవు. ఆవిడ సినిమాలు ఇప్పుడు ఆ ఆఫీసువాళ్ళే చేస్తున్నారు. నాకు మెట్ల ప్లాన్లు పంపుతోంది. పంపినంతకాలం గీస్తాను.

తర్వాత ఒక పిచ్చి పని చేశాను. నన్ను తీసేసిన పాత బాస్ దగ్గరికి వెళ్ళాను. ఉద్యోగం అడగడానికి కాదు. ఆ చారలు నా తప్పు వల్ల కాదని ఒక్క మాట చెప్పి రావాలనిపించింది. రెండు రోజులు ఏం మాట్లాడాలో రాసుకున్నాను. ఇస్త్రీ చీర కట్టుకున్నాను. గంటన్నర కూర్చోబెట్టి లోపలికి పిలిచాడు.

"స్కూలు సినిమా సార్. గోడ మీద చారలు పడ్డాయి. మెమరీ పాడైపోయిందని ఇప్పుడు తేలింది. నేను పద్ధతిగానే చేశాను" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడ్డాడు. "ఏ స్కూలమ్మా?" అన్నాడు. చెప్పాను. "ఓ, అదా! వాళ్ళు ఆ బిల్డింగే కట్టలేదు. ఆ సంవత్సరం ఎలాగూ ముగ్గుర్ని తగ్గించాలనుకున్నాం. నువ్వు కాకపోతే ఇంకొకరు" అన్నాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాడు.

తాగాను. ఏం చెయ్యను? బయటికొచ్చి బస్ స్టాపులో కూర్చుంటే రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడేళ్ళు నేను రోజూ మోసిన తప్పు నాది కాదు, అది నీది. నువ్వు అంత భయపడి దాచిపెట్టింది వాళ్ళకి గుర్తు కూడా లేదు. ఆ శుక్రవారం నువ్వు గుమ్మంలో నిజం చెప్పి ఉంటే ఉద్యోగం ఎలాగూ పోయేదే. నీతో కలిసి రెండు రోజులు ఏడ్చి, నిన్ను నాలుగు తిట్టి, మెమరీ మార్చుకుని, ఇంకోచోట పని వెతుక్కునేదాన్ని. మనకి ఇల్లు మిగిలేది. పోయింది మెమరీ వల్ల కాదు. నువ్వన్న మాట వల్ల, దాన్ని నేను నమ్మడం వల్ల.

నన్ను చూడలేక వెళ్ళిపోయానని రాశావు. చదివి జాలిపడాలని రాశావో ఏమో. నీకు చూడటమే కష్టమైంది. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఎదురుగా కూర్చుని చెప్పనివ్వమన్నావు. అవసరం లేదు. ఉత్తరంలో బాగానే చెప్పావు, ఒక్క సాకు కూడా మర్చిపోలేదు. కాగితాలు ఎవరు ముందు రాయిస్తారా అని ఇద్దరం ఆగాం కదా, నేను రాయించాను. ఈ కవర్లోనే ఉన్నాయి. మూడు చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. సంతకాలు చేసి వకీలు చిరునామాకి పంపు, నాకు కాదు.

ఇక నాన్న సంగతి. చెప్పకు అన్నావు. చెప్పాను.

పగ తీర్చుకోవడానికి అనుకుంటావు, కొంచెం అదీ ఉంది. కానీ ఒక రోజు ఆయనే అడిగాడు, "అల్లుడు వస్తానన్నాడుగా, ఎప్పుడు?" అని. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. మార్చి నెల, పోటీ, వారంటీ కాగితం, అన్నీ. నాన్న నిన్ను తిట్టలేదు. నేను తిడతాడని ఎదురుచూశాను, ఆ ఒక్కదానికి మనసు కాచుక్కూర్చుంది. ఆయన తన చేతుల వంక చూసుకుంటూ, "నీకు పని రాదని అప్పట్లో నేను కూడా అన్నాను కదే" అన్నాడు.

"అవును నాన్నా. అన్నావు" అన్నాను.

లేదులే, నువ్వెప్పుడన్నావు అని అబద్ధమాడితే ఆయన తేలికపడేవాడు. నోటిదాకా వచ్చింది. కానీ ఈ ఇంట్లో ఇంకొక అబద్ధం నేను ఆడదలుచుకోలేదు. ఆయన కర్ర తీసుకుని నడకకి వెళ్ళాడు. అరగంటలో వచ్చే మనిషి రెండు గంటలకి వచ్చాడు. వడ్డించాను. ఇద్దరం తిన్నాం.

ఆయన్ని క్షమించానో లేదో నాకింకా తెలియడం లేదు. నీ విషయంలో ఆ సందేహం లేదు.

ఇట్లు,
నేను